మెడకు సరిపోయిన గులుబంద్

నాగమణమ్మ ఇంట్లో పొద్దుటి టీ విషయంలో ఒక చట్టం ఉంది. ఇంట్లో ఎవరైనా ఎప్పుడైనా తాగొచ్చు, ఆమె మాత్రం తాగకూడదు. పరగడుపున థైరాయిడ్ మాత్ర మింగి, గోడ గడియారం వైపు చూస్తూ కూర్చుని, మందు ఒంటికి పట్టిందని నమ్మకం కుదిరాకే గ్లాసు ముట్టుకుంటుంది. అప్పటిదాకా ఆమె భర్త కైలాసం ఎదురుగా కూర్చుని, టీ సాసర్లో ఒంపుకుని, ఉఫ్ ఉఫ్‌మని ఊది, వీధి చివరికి వినబడేటట్టు జుర్రుకుంటూ తాగుతాడు. పెళ్లాన్ని ఉడికించడం ఆయనకు ముప్పై ఏళ్లుగా ఉన్న అలవాటు. ఆమె కూడా ముప్పై ఏళ్లుగా ఉడుకుతూనే ఉంది.

వాళ్లది ముత్యాల వ్యాపారం. పత్తర్‌గట్టిలో దుకాణం, చార్‌కమాన్ వెనక సందులో ఇల్లు. ఇప్పుడు దుకాణం కొడుకు వివేక్ చూసుకుంటున్నాడు. కైలాసం రోజూ వెళ్లి గల్లా పక్కన కూర్చుని, పాత గిరాకీలు వస్తే పాత ముచ్చట్లు చెప్పి వస్తాడు. మొన్న ఎండాకాలంలో వివేక్‌కు పెళ్లయింది. కోడలు పేరు రచన. చురుకైన పిల్ల, అత్తకు ఎదురుచెప్పదు కానీ అత్త చెప్పినదంతా నమ్మదు కూడా.

ఈ ఏడు బతుకమ్మ ఆడి వచ్చిన రోజు నుంచే నాగమణమ్మకు గుండెలో ఏదో తేడాగా ఉంది. మెట్లెక్కితే దడ. కూర్చున్నా దడ. ఒక్కోసారి గుండె రెండు అడుగులు వేసి మూడోది మరిచిపోయినట్టు ఉండేది. ఎవరికీ చెప్పకుండా దాచింది. పప్పు గిన్నె దించుతూ ఒక మధ్యాహ్నం తూలి పొయ్యి గట్టు పట్టుకుంటే రచన చూసింది. ఆ సాయంత్రమే అత్తను ఆటో ఎక్కించి మలక్‌పేటలో డాక్టర్ ప్రీతి దగ్గరికి తీసుకుపోయింది.

డాక్టర్ ప్రీతి చిన్న వయసు మనిషి. పరీక్షలన్నీ అయ్యాక కాగితాలు పక్కన పెట్టి, నాగమణమ్మ మెడ మీద వేళ్లతో మెల్లగా తడిమి, గుటక వేయమంది.

"ఈ మాత్ర ఎవరు రాశారమ్మా మీకు?"

"నయాపూల్ డాక్టర్ సాబ్. పెద్ద డాక్టర్. ఆయన పోయి కూడ మస్తు ఏండ్లయింది."

"ఆయన పోయినా మీరు మాత్ర వదల్లేదు!"

"ఎందుకు వదుల్త? పనిచేసే మందును ఎవరన్నా వదుల్తరా?"

డాక్టర్ నవ్వలేదు. నెమ్మదిగా, ఒక్కో మాటా అర్థమయ్యేలా చెప్పింది. ఆ రోజుల్లో గొంతులో గడ్డ ఉన్నవాళ్లకు ఈ హార్మోన్ మాత్ర ఇచ్చి చూసేవాళ్లు. థైరాయిడ్‌ను పని చెయ్ పని చెయ్ అని తరిమేది మెదడు కింద ఉండే ఒక చిన్న గ్రంథి. బయటి నుంచి హార్మోన్ అందితే అది తరమడం మానేస్తుంది, పని తగ్గిన థైరాయిడ్ కుంచించుకుపోతుంది, గడ్డా చిన్నదవుతుందని ఆశ. కొందరికి కాస్త తగ్గేది, చాలామందికి తగ్గేది కాదు. ఇప్పుడు గడ్డ కోసమని ఈ మందు ఇవ్వడం దాదాపు మానేశారు.

"మీకైతే గడ్డ తగ్గలేదు. అప్పటికంటే కొంచెం పెరిగింది కూడా. చెడ్డ గడ్డ కాదు, దానికి భయం లేదు. భయం గుండెతోనే. ఇన్నేళ్లు అవసరానికి మించి హార్మోన్ మోసి మోసి అది లయ తప్పుతోంది. ఎముకలు కూడా పలచబడ్డాయి. గుండె ఇట్లాగే తప్పుతూ ఉంటే లోపల నెత్తురు గడ్డకట్టి మెదడుకు చేరొచ్చు. పక్షవాతం అంటే తెలుసు కదా? గుండెకు మందు ఇస్తాను. ఆ మాత్ర మాత్రం రేపటి నుంచి ఆపెయ్యండి. నెలన్నర తర్వాత రక్తపరీక్ష చేసి చూద్దాం."

పెరిగిందన్న మాట వినగానే నాగమణమ్మ, ఎన్నో ఏళ్ల తర్వాత, కొంగు మెడ చుట్టూ కప్పుకుంది.

"తగ్గలేదని మీ మిషన్ చెప్తున్నది. తగ్గిందని మా ఇంట్ల సాక్ష్యం ఉన్నది."

"ఏం సాక్ష్యం?"

"గులుబంద్."

డాక్టర్ రచన వైపు చూసింది. రచన భుజాలెగరేసింది.

తిరుగు ఆటో రేసుకోర్సు దాటాక ఒక సందు ముందు నెమ్మదించింది. రచన తల బయటపెట్టి చూసి, "లలితత్తమ్మ వాళ్ల ఇల్లు గీ సందులనే గదా, జర పోయొద్దామా?" అంది. లలితమ్మ కైలాసానికి స్వయానా అక్క.

"ఇంకోసారి," అంది నాగమణమ్మ. లలితమ్మ ఇంటి విషయంలో ఆమె ఎప్పుడూ చెప్పే మాట అదే. ఆ ఇంకోసారి ఎన్నడూ రాలేదు.

*

గులుబంద్ అంటే మెడను పట్టుకుని ఉండే నగ. వాళ్లింటిది మూడు వరసల ముత్యాలది. నడుమ ఎర్రరాయి బిళ్ల, రెండు చివర్లా పట్టుడోరీలు. డోరీలు వెనక జడ కింద ముడి పడతాయి, ముందూ పక్కలా ముత్యాలు తప్ప మరేదీ కనబడకూడదు. దీపావళి నాడు దుకాణంలో లక్ష్మీపూజకు ఇంటి కోడలు అది పెట్టుకుని కూర్చుని మొదటి దీపం వెలిగించాలి. ఆ తర్వాతే బజారులో వాళ్లకు మిఠాయి పంచేది. ఏడాదంతా నగ బీరువాలో ఉండేది, ఆ ఒక్క సాయంత్రమే బయటికి వచ్చేది.

నాగమణమ్మ ఆ ఇంటికి కోడలుగా వచ్చిన కొత్తల్లో అది ఆమె మెడకు అతికినట్టు సరిపోయింది. అప్పుడామె మెడ సన్నం. అత్త అండాళమ్మ వెనక నిలబడి డోరీ బిగించి, "ఊఁ" అని ఒక్క మాట అనేది. అండాళమ్మ మాటల పొదుపు సంగతి చార్‌కమాన్ అంతటికీ తెలుసు. కూర బాగుంటే ఊఁ. బాగా లేకపోతే ఊహూఁ. మనవడు పుట్టాడని కబురొస్తే కూడా ఊఁ అనే అన్నదని కైలాసం ఇప్పటికీ చెప్పి నవ్విస్తాడు.

ఇంటికి కావలసిన ముత్యాల పనంతా ఆమె చేతిదే. మధ్యాహ్నం అన్నాలయ్యాక పైగదిలో తెల్లగుడ్డ పరిచి, పట్టుదారం కొన బొటనవేలికి చుట్టుకుని కాలు చాపి కూర్చునేది. దారం బిగువుగా నిలబడేది. ముత్యం ఎక్కించడం, ముడి వేయడం, మళ్లీ ముత్యం. పట్టుదారం చెమటకు మెత్తబడుతుందని ప్రతి దీపావళికీ ముందు గులుబంద్‌ను విప్పి కొత్త దారంతో గుచ్చేది. ఆ పూట పైగది తలుపు మూసి ఉండేది, కొడుకునైనా రానిచ్చేది కాదు.

వివేక్ కడుపులో ఉన్నప్పుడే నాగమణమ్మ గొంతు దగ్గర చిన్న ఉబ్బు కనబడింది. కాన్పయ్యాక పోతుందన్నారు. పోకపోగా ఆరునెలల్లో నిమ్మకాయంత అయ్యింది. ఆ ఏడు దీపావళికి దుకాణం నిండా జనం, అత్తరు దుకాణం వాళ్లు, గాజుల వాళ్లు, చుట్టపు ఆడవాళ్లు. అండాళమ్మ కోడలి వెనక నిలబడి గులుబంద్ పెట్టబోయింది. ముత్యాల వరసలు చెవుల కిందికి కూడా రాకుండానే ఆగిపోయాయి. డోరీ లాగితే నాగమణమ్మకు ఊపిరాడలేదు. ఆడవాళ్లంతా ఆమె మెడ వైపు చూశారు, చూసి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ చూపులు ఆమె ఈనాటికీ మర్చిపోలేదు.

అండాళమ్మ నగను చేతిలోకి తీసుకుని, అందరికీ వినబడేలా, "దారం పుచ్చింది. కడితే తెగుతది. ఈ ఏడు వద్దు," అని పెట్టెలో పెట్టేసింది.

ఆ రోజు బోసి మెడతో, చుట్టూ కొంగు కప్పుకుని నాగమణమ్మ దీపం వెలిగించింది. ఆ తర్వాత కొంగు దిగలేదు. పెళ్లిళ్లు మానేసింది, పేరంటాలు మానేసింది. ఫొటో తీస్తారంటే వంటింట్లో దూరేది. పాలవాడికి కూడా తలుపు చాటు నుంచే గిన్నె అందించేది. పాతికేళ్ల పిల్ల, అద్దం ముందు నిలబడి కొంగు తీసి చూసుకుని, ఏడ్చి, మళ్లీ కప్పుకునేది.

ఒకరోజు అండాళమ్మ రిక్షా పిలిపించి, కోడలిని ఎక్కించుకుని, దారంతా ఒక్క మాట మాట్లాడకుండా నయాపూల్ డాక్టర్ దగ్గరికి తీసుకుపోయింది. ఆయన గడ్డలోకి సూది పెట్టి నీళ్లు తీసి పరీక్షకు పంపించాడు. చెడ్డదేం కాదని తేలింది. "మింగడానికి, ఊపిరికి అడ్డం పడితే ఆపరేషన్ చేద్దాం. అప్పటిదాకా ఈ మాత్ర వాడి చూద్దాం, తగ్గొచ్చు," అన్నాడు. ఆపరేషన్ మాట వినగానే నాగమణమ్మ మాత్రే వేసుకుంటానంది. వాళ్ల సందులోనే ఒకావిడకు గొంతు కోశాక మాట బొంగురుపోయింది.

పొద్దుటి టీ చట్టం పుట్టింది ఆ మర్నాడే. రాసింది అండాళమ్మ. తెల్లారగానే మాత్రా నీళ్ల గ్లాసూ పట్టుకుని వచ్చి, కోడలు మింగేదాకా ఎదురుగా నిలబడేది. ఆపైన పొయ్యి దగ్గర పీట వేసుకుని కాపలా.

"టైమ్ కాకముందు టీ గిన్నె ముట్టినవంటే చెయ్యి ఇరగ్గొడ్త," అనేది.

నాగమణమ్మకు ఒళ్లు మండేది. అత్త తన మంచి కోసం కూర్చున్నట్టు అనిపించేది కాదు, మెడ బాగులేని కోడలిని తెచ్చుకున్నందుకు కక్ష తీర్చుకుంటున్నట్టే ఉండేది.

మరుసటి దీపావళి వచ్చింది. నాగమణమ్మ రానంటే రానంది. అండాళమ్మ పైగదిలోకి పిలిచి, తలుపు మూసి, మాట్లాడకుండా గులుబంద్ తీసి కోడలి మెడకు పెట్టింది. ముత్యాలు గొంతు మీదుగా, చెవుల కిందుగా, జడ దాకా వెళ్లాయి. డోరీ ముడి పడింది. ఊపిరాడింది. నాగమణమ్మ మెడ తడుముకుంది, నమ్మలేక మళ్లీ తడుముకుంది.

"చూసినవా, మందు పనిచేస్తున్నది," అంది అండాళమ్మ. "మెడ మీదికెళ్లి కొంగు తియ్యి."

అత్త అన్ని మాటలు ఒకేసారి మాట్లాడటం నాగమణమ్మ అదే మొదటిసారి వినడం. ఆ సాయంత్రం కొంగు తీసి దుకాణంలో కూర్చుంది. ఎదురు దుకాణం ఆయన వచ్చి, "దివాలీ ముబారక్ భాభీ," అంటే తలెత్తి నవ్వింది. నగ సరిపోయింది కాబట్టి గడ్డ తగ్గిందనుకుంది. తగ్గిందనుకున్నాక అద్దంలో కూడా తగ్గినట్టే కనబడింది. ఏటేటా దీపావళి వచ్చేది, ఏటేటా గులుబంద్ సరిపోయేది. ఆమె పెళ్లిళ్లకు పోయింది, ఫొటోల్లో ముందు వరసలో నిలబడింది, బతుకమ్మ ఆటలో గొంతెత్తి పాడింది. ఆ రోజులన్నీ తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు నాలుక మీద ఆ మాత్ర చేదే తెలుస్తుంది, అది తియ్యగానే ఉంటుంది.

అత్త మీద ఆమెకు ఒకే ఒక్క కోపం మిగిలింది. అండాళమ్మకు ఖరీదైన బస్రా ముత్యాల చెంపసరాలు ఉండేవి. చెవి కమ్మల నుంచి జడలోకి పోయే ముత్యాల పేర్లు, బంగారు తీగకు ఎక్కించినవి, ఆమె పుట్టింటివి. వివేక్ పసివాడుగా ఉన్నప్పుడు నాయనమ్మ ఒళ్లో కూర్చుని వాటిని పట్టి లాగేవాడు, అందులో ఒక పక్క చదునుగా ఉన్న ముత్యం ఒకటి నోట్లో పెట్టుకుని చప్పరించేవాడు. అటువంటి చెంపసరాలు ఏడాదికేడాది తరిగిపోయాయి. మూడు పేర్లు రెండయ్యాయి, రెండు ఒకటయ్యాయి, ఒక దీపావళికి చెవులకు ఉత్త కమ్మలే మిగిలాయి. అడగలేక అడగలేక ఒకసారి నాగమణమ్మ అడిగింది.

"నీకెందుకు? ఇయ్యాల్సినోళ్లకు ఇచ్చిన," అంది అండాళమ్మ.

ఇవ్వాల్సిన వాళ్లు ఎవరుంటారు, కూతురు తప్ప? అదే ఏడు లలితమ్మ బిడ్డ పెళ్లిలో ఆ పిల్ల చెవులకు ముత్యాల చెంపసరాలు మెరిశాయి. నాగమణమ్మ అక్షింతలు వేసి, భోజనం చేయకుండా వచ్చేసింది. ముత్యాల మీద ఆశ కాదు. పొద్దున్నే లేచి ఆమె కాళ్ల దగ్గర పనిచేసేది నేను, చాటుగా నగలు పోయేది బిడ్డకా అని. తర్వాత అండాళమ్మ మంచాన పడితే సేవలు చేసిందీ నాగమణమ్మే. ఆ మాట మళ్లీ ఎత్తలేదు. ముసలామె పోయాక వదిన ఇంటికి వెళ్లడమే మానేసింది. అప్పటి నుంచి గులుబంద్‌ను ఎవరూ విప్పి గుచ్చలేదు. అత్త వేసిన ముడులు, విప్పాలంటే ఎవరికీ చేతులు రాలేదు. ఈ మధ్య రెండు మూడేళ్లుగా డోరీ కాస్త వదులు చేసి కట్టాల్సి వస్తోంది. వయసు మీద పడి కండ పట్టిందిలే అనుకుంది నాగమణమ్మ.

*

డాక్టర్ ఆపమన్న మాత్రను నాగమణమ్మ ఆపలేదు. గుండె మందు బుద్ధిగా వేసుకుంటోంది, దానితో పాటు పాతదాన్నీ వేసుకుంటోంది. రచన డబ్బా తీసి దాస్తే, సందు చివరి మందుల షాపు నుంచి ఇంకోటి తెప్పించి బియ్యం డబ్బాలో పెట్టుకుంది. బియ్యం కొలవబోయి రచనే దాన్ని పట్టుకుంది.

"ఏంది అత్తమ్మా ఇది? పానం మీదికొస్తదని డాక్టరమ్మ చెప్పింది గదా!"

"ఆపితే గడ్డ మల్ల లేస్తది. నీకు తెల్వదు బిడ్డా. కొంగు కప్పుకొని తలుపు సాటుకు నిలబడ్డది నేను. సచ్చిపోయినా మంచిదే గని గట్ల మల్ల బతకలేను."

వివేక్ అరిచాడు. కైలాసం అరిచాడు, తర్వాత బతిమాలాడు. "లొల్లి చెయ్యకుండ్రి, నా మెడ సంగతి నాకు తెలుసు," అందామె. దీపావళి ఇంకో వారం ఉందనగా దుకాణం మెట్లెక్కుతూ కూలబడిపోయింది. కళ్లు తెరిచేసరికి కైలాసం ఒళ్లో ఉంది. ఎదురు దుకాణం ఆయన మంచినీళ్లు చల్లుతున్నాడు. కైలాసం ఆమె మొహం తుడుస్తూ పేరు పదేపదే పిలుస్తున్నాడు. సాసర్లో టీ జుర్రుకునే మనిషి అంత చిన్నగా అయిపోవడం చూసి నాగమణమ్మకు మొదటిసారి భయం వేసింది. అయినా మాత్ర ఆపుతానని మాత్రం అనలేదు.

ఇంటికొచ్చాక ఆమే ఒక మాట అంది. "దీపావళికి గులుబంద్ కోడలిదే. ఇవాళ తియ్యుండ్రి. అందరూ సూడుండ్రి. సన్న మెడ పిల్లకు, నాకు ఒక్క నగనే సరిపోతది. తగ్గిందో లేదో అదే చెప్తది."

కైలాసం బీరువాలోంచి పెట్టె తీశాడు. నాగమణమ్మ రచనను పీట మీద కూర్చోబెట్టి, అండాళమ్మ లాగే వెనక నిలబడి నగ పెట్టింది. డోరీ చివరికంటా లాగినా గులుబంద్ గొంతును పట్టుకోలేదు. జారి మెడ ఎముకల మీద పడి, దండలా వేలాడింది.

"కోడిపిల్ల మెడ నీది," అని నవ్వింది నాగమణమ్మ.

కైలాసం నవ్వలేదు. గోడ మీద తన తల్లి పెళ్లినాటి ఫొటో వైపు చూస్తున్నాడు.

"మా అమ్మదీ కోడిపిల్ల మెడనే," అన్నాడు. "గీ గులుబందే. సూడు, గొంతుకు ఎట్ల పట్టుకున్నదో."

నాగమణమ్మ ఫొటో చూసింది. ముప్పై ఏళ్లుగా రోజూ చూస్తున్న ఫొటోనే. ఎర్రరాయి బిళ్ల గొంతు గుంట మీదే ఉంది. తాను కొత్త కోడలుగా పెట్టుకున్నప్పుడు కూడా అక్కడే ఉండేది.

"దారం సాగిందేమో," అంది.

ఆ మాట అన్న నోటికే అది రుచించలేదు. ఆమెకూ పని తెలుసు. ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి ఉన్న దారం బెత్తెడు సాగదు.

మధ్యాహ్నం పైగదిలో తెల్లగుడ్డ పరిచారు. నగను రచన మెడకు తగ్గట్టు గుచ్చాలి కాబట్టి ఎట్లాగైనా విప్పాల్సిందే. అమ్మ ముడులు కోస్తుంటే చూడలేనని కైలాసం కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. నాగమణమ్మ చిన్న కత్తెర తీసుకుని, మనసులోనే అత్తకు చెప్పుకుని, మొదటి ముడి తెంపింది. ముత్యాలు ఒక్కొక్కటీ గుడ్డ మీదికి జారాయి.

నడుమ బిళ్ల నుంచి రెండు వైపులా వచ్చినవి తెల్లటి ముత్యాలు. బెజ్జం ఎంత సన్నమంటే పట్టుదారం పట్టి పట్టి వదిలింది. చెవుల కింది భాగానికి వచ్చేసరికి ముత్యాలు దారం మీద గడగడా జారిపోయాయి. నాగమణమ్మ ఒకటి తీసి వెలుగుకు పెట్టి చూసింది. బెజ్జం వెడల్పుగా ఉంది, అంచులు అరిగి నున్నగా ఉన్నాయి. రంగు కూడా కాస్త మీగడ రంగు. కలిసిపోయేలా, పెద్దవి ముందు, చిన్నవి వెనక, వరసగా అమర్చి ఉన్నాయి. మెడ మీద ఉన్నంతసేపూ ఎవరి కంటికీ దొరకని పని అది.

"ఇవి దారం ముత్యాలు కావు," అంది. "తీగకు ఎక్కించినయి. బంగారు తీగకు."

"అంటే?" అంది రచన.

"వేరే ఏదో నగలకెళ్లి తీసి కలిపిండ్రు."

వేళ్లతో గుడ్డ మీది ముత్యాలను కదిపింది. ఒకటి దొర్లలేదు. ఒక పక్క చదునుగా ఉంది.

నాగమణమ్మ దాన్ని అరచేతిలోకి తీసుకుని బొటనవేలితో తడిమింది. పాలవాసన వేసే నోట్లో పెట్టుకుని చప్పరిస్తున్న పసివాడు కనబడ్డాడు. వాడి తల నిమురుతూ, లాగొద్దురా అని కూడా అనకుండా కూర్చున్న ముసలామె కనబడింది. మూసిన పైగది తలుపు కనబడింది. తన మెడ పెరిగినప్పుడల్లా ఆ తలుపు వెనక ఏం జరిగిందో ఇప్పుడు తెలిసింది.

"ఏమండీ, ఇటు రాండ్రి," అంది.

పాత తెల్లముత్యాలు మాత్రమే ఒక దారానికి ఎక్కించింది. రచన మెడకు పెడితే ఫొటోలో అత్తకు ఉన్నట్టే సరిగ్గా సరిపోయింది. తర్వాత కొంగు తీసేసి, తన మెడకు పెట్టుకుని, వెనక్కి తిరిగి కూర్చుంది. కైలాసం రెండు కొసలూ పట్టుకుని దగ్గరికి లాగాడు. చెవుల కిందికి కూడా రాకుండానే ఆగిపోయాయి. ఆయన మెల్లగా వదిలేశాడు.

"కలుస్తలేవు నాగమణీ."

"ఎన్నడు కలిసినయి గనుక," అంది ఆమె.

ముందు కోపం వచ్చింది. "ముసల్ది నన్ను మోసం చేసింది," అని గట్టిగానే అంది. "మందు పనిచేస్తున్నదని చెప్పి, ఇన్నేండ్లు..." ఆ మాట మధ్యలోనే ఏడుపు తన్నుకొచ్చింది. చదును ముత్యం పట్టుకున్న చెయ్యి మొహానికి అడ్డం పెట్టుకుని, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. చెవుల మీది ముత్యాలు ఒక్కో పేరూ విప్పి కోడలి మెడకు గుచ్చిన మనిషిని పట్టుకుని, టీ తాగనివ్వలేదని తిట్టుకుంది. ఆ పెళ్లిపిల్ల చెవులకు మెరిసినవి వేరేవని తెలియక, బిడ్డకు దోచిపెట్టిందని అన్నేళ్లు మనసులో పెట్టుకుంది. ఆమె మంచం మీద నుంచి చెయ్యి చాపితే నీళ్లు పోసింది కానీ ఒక్కనాడూ పక్కన కూర్చుని మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడాలని ఉంది. ఏం మాట్లాడినా ఆమె ఊఁ అనే అంటుంది, ఆ ఒక్క ఊఁ కోసం ప్రాణం కొట్టుకుంటోంది.

కైలాసం ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు. "నాకు చెప్పలే అమ్మ," అన్నాడు. "నాకూ చెప్పలే."

కాసేపటికి రచన నీళ్లు తెచ్చిచ్చింది. "గడ్డ ఎన్నడూ తగ్గలే గదా అత్తమ్మా. అయినా మీరు అన్ని పెండ్లిళ్లకు పోయిండ్రు, అన్ని ఫొటోలల్ల ఉన్నరు. ఎవరన్నా ఏమన్నా అన్నరా?"

నాగమణమ్మ ఆలోచించింది. ముప్పై దీపావళులు గుర్తుకు తెచ్చుకుంది. ఎవరూ ఏమీ అనలేదు. గడ్డ మెడలోనే ఉంది, ఆమె నవ్వుతూనే ఉంది, చూసేవాళ్లు నవ్వునే చూశారు. లేచి వంటింట్లోకి వెళ్లి, పప్పుల డబ్బా వెనక కొత్తగా దాచిన మాత్రల పట్టీ తెచ్చి రచన చేతిలో పెట్టింది.

"ఇది కూడ నీ తానే ఉంచు. నెలన్నరకు పరీక్ష అన్నది గదా డాక్టరమ్మ, నువ్వే తోల్కపో."

మర్నాడు పొద్దున కైలాసం సాసర్లో టీ ఒంపుకుంటుంటే, నాగమణమ్మ వచ్చి ఎదురుగా కూర్చుని తన గ్లాసు తీసుకుని తాగడం మొదలుపెట్టింది. కైలాసం సాసర్ గాల్లోనే ఆగిపోయింది. జుర్రుకోవడం మర్చిపోయాడు. ఆమె పొయ్యి దగ్గరి పీట వైపు ఒకసారి చూసింది. చెయ్యి విరగ్గొట్టేవాళ్లు అక్కడ ఎవరూ లేరు. టీ వేడిగా ఉంది, గొంతులో గడ్డ పక్కనుంచి సాఫీగా దిగింది. మెడ మీది కొంగు తీసి భుజాన వేసుకుని, ఫోన్ అందుకుంది.

"వదినే, నేను నాగమణిని."

అవతల లలితమ్మ కంగారు పడింది. ఇంత పొద్దున, అదీ ఈ మనిషి నుంచి. "ఏమయింది? తమ్ముడు మంచిగున్నడా?"

"అందరం మంచిగున్నం, ఫికర్ చెయ్యకు. దీపావళికి నువ్వు దుకాణంకు రావాలె. నా పక్కన కూసోవాలె." నాగమణమ్మ ఇంకో గుక్క టీ తాగింది. "అత్తమ్మ బస్రా ముత్యాలు ఉండె సూడు, చెంపసరాలయి. దొరికినయి. అవి నీయి."

"అవా! అమ్మను ఎన్నిసార్లు అడిగినా చెప్పలే. నీకిచ్చిందేమో అనుకొని నేను కూడ ఊకున్న. ఏడ దొరికినయి?"

"నా మెడల," అంది నాగమణమ్మ.